నెట్ పోతే బియ్యం ఎవరికి?

రాయ్‌పూర్ నగరంలోని కొన్ని రేషన్ దుకాణాల్లో 2012లో ఒక మార్పు వచ్చింది. చూడ్డానికి చిన్నదే. అప్పటిదాకా కార్డు ఏ దుకాణంలో నమోదై ఉంటే అక్కడికే వెళ్ళాలి. డీలరు తలుపు తీసిన రోజే బియ్యం, అతను తూచిందే తూకం. కొత్త పద్ధతిలో కార్డుదారు తనకు నచ్చిన దుకాణానికి వెళ్ళవచ్చు. ఒక డీలరు తూకంలో కోత పెడితే పక్క వీధి డీలరు దగ్గరికి పోవచ్చు. 'కోర్ పీడీఎస్' అన్నది ఈ పద్ధతికి అధికారిక నామం. జనంలోకి వెళ్ళిన పేరు 'మేరీ మర్జీ', అంటే 'నా ఇష్టం'. ఈ రోజు దేశమంతటా 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' అని వినిపిస్తున్న ఆలోచనకు తొలి అడుగుల్లో ఇదొకటి.

ఈ మార్పు వెనక ఒక వెబ్ అప్లికేషన్ ఉంది. ఆ అప్లికేషన్ వెనక, ఒక్క వరుస కోడ్ కూడా రాయకముందే తేలాల్సిన ప్రశ్నలు బోలెడు ఉన్నాయి. ఆ ప్రశ్నలను వెతికి పట్టుకుని, రాసిపెట్టి, సరిచూసి, మారినప్పుడల్లా దిద్దుకునే పనికి సాఫ్ట్‌వేర్ రంగంలో రిక్వైర్‌మెంట్స్ ఇంజనీరింగ్ అని పేరు. తెలుగులో అవసరాల నిర్ధారణ అనుకోవచ్చు. పేరు వినగానే ఆవలింత వచ్చే విషయమే. కృత్రిమ మేధకు దక్కే పత్రికా స్థలంలో దీనికి నూరో వంతు కూడా దక్కదు. కానీ ప్రభుత్వ సేవలు ఒక్కొక్కటిగా తెర మీదికి వెళ్ళిపోతున్న దేశంలో, పేదవాడి సంచిలో బియ్యం పడతాయా లేదా అన్నది చాలాసార్లు ఈ దశలోనే తేలిపోతుంది.

'కార్డుదారు ఏ దుకాణంలోనైనా సరుకు తీసుకోవచ్చు' అన్న వాక్యాన్నే తీసుకుందాం. ఇది ఒక అవసరం. మంత్రిగారు ఒక సభలో చెప్పేయగలిగినంత సులువైన వాక్యం. దీన్ని సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా చెప్పబోతే ముడులు ఒక్కొక్కటే బయటపడతాయి. పాత పద్ధతిలో ఒక దుకాణానికి ఎన్ని కార్డులు ఉన్నాయో లెక్కగట్టి అంత కోటా పంపేవారు. ఇప్పుడు ఏ దుకాణానికి ఎంతమంది వస్తారో ఎవరికి తెలుసు? మంచి డీలరు దగ్గర పది రోజులకే బియ్యం అయిపోతాయి, చెడ్డ డీలరు గదిలో బస్తాలు మిగిలిపోతాయి. అంటే గోదాము నుంచి సరుకు పంపే విధానమే మారాలి. ఒక కుటుంబానికి నెలకు 35 కిలోలు అనుకుంటే, ఇక్కడ 20 తీసుకుని మిగతా 15 ఇంకోచోట తీసుకోవచ్చా? తీసుకోవచ్చంటే, మిగులు ఎంతో ప్రతి దుకాణానికీ అప్పటికప్పుడు తెలియాలి. వచ్చిన మనిషి ఆ కార్డు మనిషేనని ఎలా తేల్చాలి? రాయ్‌పూర్‌లో మొదట్లో ఆరోగ్య బీమా పథకం కింద జనం చేతుల్లో అప్పటికే ఉన్న స్మార్ట్ కార్డును కూడా గుర్తింపుగా వాడుకున్నారు. కొత్త కార్డు అచ్చువేయించే బదులు ఉన్నదాన్ని వాడటం ఖర్చు తగ్గించిన నిర్ణయం మాత్రమే కాదు. జనం జేబులో ఇప్పటికే ఏముందో చూసుకుని తీసుకున్న నిర్ణయం.

అన్నిటికంటే బిగుసుకున్న ముడి ఇంకొకటి ఉంది. నెట్ పోతే?

దుకాణంలోని యంత్రం సర్వర్‌తో మాట్లాడలేని స్థితిలో ఉంది. ఎదురుగా కార్డుదారు సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఈమె ఉదయమే వేరే దుకాణంలో బియ్యం తీసుకుని ఉండవచ్చు, తీసుకోకపోయి ఉండవచ్చు. యంత్రానికి తెలియదు. ఉన్న దారులు రెండే. బియ్యం ఇచ్చేసి, లెక్క తర్వాత సరిచూసుకోవడం ఒకటి. అప్పుడు ఒకే కోటా రెండుసార్లు పోయే ప్రమాదం ఉంది. నెట్ వచ్చేదాకా ఆగమనడం రెండోది. అప్పుడు లెక్క పక్కాగా ఉంటుంది, ఆమె మాత్రం ఖాళీ సంచితో వెనక్కి వెళుతుంది.

తెలివైన ప్రోగ్రామరును పెట్టుకుంటే ఈ రెండూ తప్పించుకోవచ్చు అనుకుంటే పొరపాటు. 2000లో ఎరిక్ బ్రూవర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఊహను ముందుకు తెచ్చారు. అనేక చోట్ల పరచుకున్న వ్యవస్థలో వాటి మధ్య సంబంధం తెగినప్పుడు, 'అందరికీ ఒకే లెక్క కనిపించడం', 'అడిగిన ప్రతివారికీ జవాబు దొరకడం' అనే రెండు గుణాలూ ఒకేసారి దక్కవన్నది ఆ ఊహ. 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దీన్ని గణితపరంగా నిరూపించారు. క్యాప్ సిద్ధాంతం అంటారు. శక్తి నిత్యత్వ నియమాన్ని ఏ ఇంజనీరూ దాటలేనట్టే దీన్నీ ఏ ఇంజనీరూ దాటలేడు. నెట్ పోయిన ఆ పది నిమిషాల్లో నష్టం ఎవరిదో ముందే ఎంచుకోవాలి. ఖజానాదా, కార్డుదారుదా?

ఇది సాంకేతిక నిర్ణయం కాదు. అయినా చాలా ప్రాజెక్టుల్లో దీన్ని చివరికి నిర్ణయించేది రాత్రి పది గంటలకు కోడ్ రాస్తున్న ఒక పాతికేళ్ళ కుర్రాడు. అవసరాల పత్రంలో ఆ సంగతి ఎవరూ రాయలేదు. అతను 'కనెక్షన్ లేకపోతే ఎర్రర్ చూపించు' అని ఒక వరుస రాస్తాడు. అతని తప్పేం లేదు, అడగడానికి పక్కన ఎవరూ లేరు. ఆ ఒక్క వరుస ఒక రాష్ట్రంలో లక్షల కుటుంబాలకు విధానమైపోతుంది. దాని మీద ఏ అధికారి సంతకమూ ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్నను అంతకుముందే ఎదుర్కొన్న అనుభవం ఉంది. దేశానికి 'ధాన్ కా కటోరా' అని పేరున్న ఆ రాష్ట్రం 2007-08 ఖరీఫ్ కొనుగోళ్ళలో ధాన్యం సేకరణ కేంద్రాలను కంప్యూటరీకరించింది. సహకార సంఘాల కేంద్రాలు 1500కు పైమాటే. చాలా చోట్ల ఇంటర్నెట్ లేదు. కొన్నిచోట్ల ఫోన్ కూడా సరిగా లేదు. 'ముందు ప్రతి ఊరికీ నెట్ రానివ్వండి' అని కూర్చుంటే ఈ పని ఇప్పటికీ మొదలయ్యేది కాదేమో. అక్కడి జాతీయ సమాచార కేంద్రం వాళ్ళు చేసింది వేరు. కేంద్రంలోని కంప్యూటరు నెట్ లేకుండానే తూకం లెక్క నమోదు చేసి, రైతుకు అక్కడికక్కడే చెక్కు ముద్రించి ఇచ్చేది. నెట్ లేనిచోట ఆ రోజు లెక్కను మోటారు సైకిలు మీద ఒక మనిషి వచ్చి తీసుకుపోయేవాడు. హాస్యంగా ఉందా? సమాచార శాస్త్రం ప్రకారం ఇది నూటికి నూరుపాళ్ళూ నెట్‌వర్కే. ఆలస్యం ఎక్కువ, అంతే. రైతుకు కావలసింది ఆ సాయంత్రం చేతికి చెక్కు. రాష్ట్ర రాజధానికి మొత్తం లెక్క ఒకరోజు ఆలస్యంగా అందినా కొంప మునగదు. ఏది తక్షణం కావాలి, ఏది ఆగగలదు అన్నది విడదీసి చూడగలిగారు కాబట్టే మోటారు సైకిలు సరిపోయింది. అవసరాల నిర్ధారణలో ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో దొరకడం కష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఛత్తీస్‌గఢ్ రేషన్ వ్యవస్థ బాగుపడ్డ ఘనతంతా కంప్యూటర్లకు కట్టబెట్టకూడదు. 2004లోనే ప్రైవేటు డీలర్ల నుంచి దుకాణాలను తీసేసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చారు. 2007లో బియ్యం ధర కిలో 3 రూపాయలకు దించారు, తర్వాత ఇంకా తగ్గించారు. బియ్యం లారీలకు పసుపు రంగు వేశారు. గోదాము నుంచి లారీ బయల్దేరగానే, పేరు నమోదు చేసుకున్నవారి ఫోన్‌కు సందేశం వెళ్ళే ఏర్పాటు చేశారు. జాతీయ నమూనా సర్వేల ఆధారంగా ఆర్థికవేత్తలు ఝాన్ డ్రెజ్, రీతికా ఖేరా వేసిన అంచనాల ప్రకారం 2004-05లో అక్కడ సగానికి పైగా సరుకు దారి మళ్ళేది. 2011-12 నాటికి అది దాదాపు పదో వంతుకు దిగింది. రాయ్‌పూర్‌లో 'మేరీ మర్జీ' మొదలయ్యే నాటికే చాలావరకు మరమ్మతు జరిగిపోయింది. చిల్లులు పూడ్చిన కుండలో నీళ్ళు పోసినట్టు, సరిచేసిన వ్యవస్థ మీద సాఫ్ట్‌వేర్ పెట్టారు. వరుస తలకిందులై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేమీ కాదు.

అవసరాలు వాటంతట అవే చెట్టు మీంచి రాలిపడవన్న గ్రహింపు కొత్తది కాదు. 1976లోనే టీఆర్‌డబ్ల్యూ సంస్థకు చెందిన బెల్, థేయర్ అనే ఇద్దరు పెద్ద ప్రాజెక్టుల అవసరాల పత్రాల్లో తప్పులను లెక్కగట్టి, వీటిని కూడా ఇంజనీరింగ్ చేసినట్టే చేయాలి, పదేపదే సమీక్షించాలి అని తేల్చారు. 1981లో బ్యారీ బోహ్మ్ రాసిన పుస్తకంలోని లెక్క మరీ ప్రసిద్ధం. అవసరాల దశలో పట్టుకుంటే ఒక రూపాయితో పోయే తప్పు, పెద్ద ప్రాజెక్టు వాడకంలోకి వచ్చాక పట్టుకుంటే వంద రూపాయల దాకా తింటుంది. చిన్న ప్రాజెక్టుల్లో ఈ నిష్పత్తి చాలా తక్కువని కూడా బోహ్మే చెప్పారు. ఉపన్యాసాల్లో ఆ రెండో వాక్యం ఎందుకో ఎగిరిపోతుంది.

వెబ్ అప్లికేషన్ల విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. బ్యాంకు కౌంటరు లోపల వాడే సాఫ్ట్‌వేరైతే వాడేవాళ్ళెవరో తెలుసు, వారం రోజులు శిక్షణ ఇవ్వవచ్చు. వెబ్ అప్లికేషన్‌ను ఎవరు, ఏ ఫోన్‌లో, ఏ సిగ్నల్ కింద, ఏ భాషలో తెరుస్తారో తెలియదు. నగర కార్యాలయంలో క్షణంలో తెరుచుకునే 3 మెగాబైట్ల పేజీ, సెకనుకు 40 కిలోబిట్ల జీపీఆర్‌ఎస్ మీద దిగడానికి 10 నిమిషాలు పడుతుంది. భాష సంగతి చూస్తే, ఛత్తీస్‌గఢ్ అనగానే హిందీ అనుకుంటాం. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు వెళితే తెలుగు వినిపిస్తుంది. బస్తర్‌లో గోండీ, హల్బీ మాట్లాడతారు. 'పోర్టల్ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉండవలెను' అని రాసేసి చేతులు దులుపుకుంటే అవసరం తేలినట్టు కాదు.

అందుకే పని చేసే అవసరాన్ని కొలవగలిగేలా రాయమంటారు. టెండరు పత్రాల్లో తరచూ కనిపించే 'వ్యవస్థ వాడుకకు సులభంగా, వేగంగా ఉండవలెను' అన్న వాక్యాన్ని ఎలా పరీక్షిస్తారు? పెళ్ళి వంటవాడితో 'వంట రుచిగా ఉండాలి' అని ఒప్పందం రాసుకున్నట్టు ఉంటుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో 'వేగం బాగుంది' అని రికార్డులో రాస్తే మాస్టారు పుస్తకం విసిరికొడతారు. ఎన్ని సెకన్లు, ఏ పరిస్థితిలో, నూటికి ఎన్నిసార్లు అన్నది రాయాలి.

సెకన్లకు అంత విలువెందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక దుకాణానికి 600 కార్డులు ఉన్నాయనుకుందాం. నెల మొదటి మూడు రోజుల్లోనే 300 మంది వస్తారు. పేదింట బియ్యం నిండుకునేది అప్పుడే కదా. రోజుకు 8 గంటలు తెరిస్తే, సగటున 4.8 నిమిషాలకు ఒకరు వస్తున్నట్టు. గుర్తింపు, తూకం, బిల్లు కలిపి ఒక్కొక్కరికి సగటున 4 నిమిషాలు పడితే, వరుసల సిద్ధాంతంలోని అతి సరళమైన సూత్రం ప్రకారం ఒక మనిషి దుకాణం దగ్గర గడిపే సమయం సగటున 24 నిమిషాలు. ఇప్పుడు సర్వర్ నెమ్మదించి ప్రతి గుర్తింపుకూ 40 సెకన్లు అదనంగా పట్టిందనుకుందాం. 4 నిమిషాలు 4 నిమిషాల 40 సెకన్లయింది. సగటు సమయం ఎంతవుతుంది? 168 నిమిషాలు. 40 సెకన్ల ఆలస్యం దాదాపు రెండున్నర గంటల అదనపు నిరీక్షణగా మారింది. నిజ జీవితంలో అంతసేపు ఎవరూ నిలబడరు, విసిగి వెళ్ళిపోతారు, మర్నాడు కూలి మానుకుని మళ్ళీ వస్తారు. సామర్థ్యం అంచుకు చేరిన వరుసలో చిన్న ఆలస్యం కూడా ఇలా పేలుతుంది. 'గుర్తింపు 5 సెకన్లలోపు ముగియాలి, నెల మొదటి వారంలో సైతం' అని ఒక్క వాక్యం రాసి ఉంటే, దాన్ని పరీక్షించి ఉంటే, ఆ కూలి డబ్బు మిగిలేది.

ఇది పేద దేశపు జబ్బు అనుకోనక్కరలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు 2013 అక్టోబరు 1న తెరుచుకుంది. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవాళ్ళు ఆరుగురు. ఒకేసారి 50 వేల నుంచి 60 వేల మంది వస్తారని లెక్కవేసుకుంటే, రెండున్నర లక్షల మంది వచ్చిపడ్డారు. దానికి తోడు, పథకాల ధరలు ఊరికే చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందేనని ఆఖరి దశలో నిర్ణయం మార్చారు. ఖాతాలు తెరిచే భాగమే ఇరుకైన గొంతు. జనమంతా అక్కడే ఇరుక్కున్నారు. అవసరాల పత్రంలో ఒక్క వాక్యం మారినందుకు చెల్లించిన మూల్యం అది.

దీనికి సాఫ్ట్‌వేర్ రంగంలో ఒక జవాబు ఉంది. 2001లో 17 మంది నిపుణులు అమెరికాలోని యూటాలో కూర్చుని ప్రకటించిన 'అజైల్' పద్ధతి అనుచరులు, అన్నీ ముందే రాయడం వృథా అంటారు. కొంచెం కట్టి, వాడేవాళ్ళకు చూపి, దిద్దుకుంటూ పోవాలంటారు. ఇందులో నిజం ఉంది. ధాన్యం లెక్క తెర మీద ఏ రంగులో ఉండాలో, బటన్ ఎక్కడ ఉండాలో ముందే రాసి ప్రయోజనం లేదు. రాయ్‌పూర్‌లో కూడా అన్ని దుకాణాల్లో ఒకేసారి కాకుండా కొన్నిటితో మొదలుపెట్టడం ఈ తీరులోదే. కానీ దిద్దుకుంటూ పోయే పద్ధతిలో ఒక అనుమానం అలాగే మిగులుతుంది. ఒక రంగు తప్పయితే వచ్చే నెల మారుస్తారు. ఒక కుటుంబానికి ఈ నెల బియ్యం రాకపోతే, వచ్చే నెల కొత్త వెర్షన్ ఆ నెలను వెనక్కి తేదు. వెనక్కి తేలేని నష్టాలున్న చోట్ల ముందే ఆలోచించక తప్పదు. మిగతా చోట్ల అజైల్ వాళ్ళ మాటే వినొచ్చు.

ఝార్ఖండ్ అనుభవం ఈ తేడాను కొలిచి చూపింది. ఆధార్ వేలిముద్రతో రేషన్ ఇచ్చే పద్ధతిని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అక్కడ పెద్ద ఎత్తున పరీక్షించారు. వేలిముద్ర వల్ల సగటున దోపిడీ తగ్గలేదు. కార్డుదారుల తిరుగుడు ఖర్చు పెరిగింది. అంతకుముందు ఆధార్ జతచేసుకోని కుటుంబాలకు అందే లబ్ధి సుమారు పదో వంతు పడిపోయింది. అక్కడ సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. రాసినట్టే పనిచేసింది. 'గుర్తింపు కుదరకపోతే ఏం చేయాలి' అన్న గడి మాత్రం సరిగా నింపలేదు.

2017 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖ ఒక ఆదేశం పంపింది. ఆధార్ లేదన్న కారణంతో గానీ, వేలిముద్ర కుదరలేదన్న కారణంతో గానీ ఎవరికీ రేషన్ నిరాకరించవద్దనీ, అలాంటి వారికి ఇచ్చిన సరుకును వేరే పుస్తకంలో రాసుకొమ్మనీ అందులో ఉంది. మంచి ఆదేశమే. కానీ అది అవసరాల పత్రంలో మొదటి పేజీలో ఉండాల్సిన వాక్యం, యంత్రాలు దుకాణాలకు చేరాక కాగితం మీద వచ్చింది. సర్క్యులర్ కంటే యంత్రం బలమైనది. దాని తెర మీద 'గుర్తింపు లేకుండా ఇవ్వు' అనే బటన్ లేకపోతే డీలరు ఏ పుస్తకంలో రాస్తాడు, మర్నాడు తనిఖీ వస్తే మిగులు లెక్క ఎలా చూపుతాడు?

కాబట్టి ప్రభుత్వ వెబ్ సేవల విషయంలో ఒక చిన్న కోరిక న్యాయమైనదే. టెండరు పత్రాలు ఎలాగూ బహిరంగమే. తుది అవసరాల పత్రాన్ని కూడా, కనీసం అందులో 'విఫలమైనప్పుడు' అన్న భాగాన్ని, కోడ్ మొదలుపెట్టేముందు స్థానిక భాషలో జనం ముందు పెట్టాలి. నెట్ పోతే, వేలిముద్ర కుదరకపోతే, సర్వర్ 40 సెకన్లు నిద్రపోతే ఏం జరుగుతుందో అందులో ఉండాలి. కింద ఒక అధికారి పేరు, సంతకం ఉండాలి. దాన్ని రాసేవాళ్ళు సచివాలయంలో కూర్చుని రాస్తే చాలదు. నెల మొదటి వారంలో మూడు దుకాణాల దగ్గర గడియారం పట్టుకుని నిలబడాలి. ఖర్చవుతుందా? అవుతుంది. రెండు నెలలు ఆలస్యం కూడా అవుతుంది. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయం చేసుకునే అలవాటున్నవారికి ఇది రుచించదు.

'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర జంటలతో మొదలైంది. దుకాణం ఎంచుకునే స్వేచ్ఛను ఏనాడో పరీక్షించిన ఛత్తీస్‌గఢ్ అందులో చేరింది 2022 ఫిబ్రవరిలో, 35వదిగా. మిరప కోతల కాలంలో బస్తర్ నుంచి ఖమ్మం, భద్రాచలం వైపు వచ్చే కూలీల కార్డులకు అప్పటిదాకా ఇక్కడి దుకాణాల్లో విలువ లేదు. ఇప్పుడు ఉంది. ఆ వ్యవస్థ గుర్తింపుగా అడిగేది వేలిముద్ర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయలు కోసిన వేళ్ళు, గోదావరి ఒడ్డున సిగ్నల్ వచ్చీ రానట్టుండే ఒక దుకాణం, గోండీలో మాట్లాడే మనిషి, తెలుగు తెర. ఈ నాలుగూ ఒకేచోట కలిసినప్పుడు ఆ యంత్రం ఏం చేయాలో ఏ పత్రంలో, ఎన్నో పేజీలో రాసి ఉందో అడగాల్సి ఉంది.